ఎలక్ట్రిక్ కారు బుక్ చేసేముందు ఒకసారి సెల్లార్‌లోకి దిగండి

విశాఖపట్నం గాజువాకలో ఎలక్ట్రికల్ కాంట్రాక్టు పనులు చేస్తుంటాను. ఇళ్ల వైరింగ్, అపార్ట్‌మెంట్ ప్యానెల్ బోర్డులు, లిఫ్టు లైన్లు మొదట్నుంచీ చేస్తున్న పని. ఈమధ్య మాత్రం ఫోన్లు ఎక్కువగా ఒకే రకంగా వస్తున్నాయి. "రేపు కారు డెలివరీ అండీ, చార్జింగ్ పాయింట్ పెట్టాలి, ఎన్నింటికి వస్తారు?" అని. కారు బుక్ చేసి, లోన్ సంతకాలు పెట్టి, సింహాచలంలో వాహన పూజకి రోజు కూడా చూసుకున్నాక నన్ను పిలుస్తారు. వెళ్లి చూస్తే ఒకచోట మీటరు నుంచి పార్కింగ్ దాకా వైరు లాగే దారే ఉండదు. ఇంకోచోట అన్నీ బాగానే ఉంటాయి గానీ, ఆ ఇంట్లోవాళ్లు నెలకి 300 కిలోమీటర్లు కూడా తిరగరు.

కొనకముందు పిలిస్తే అరగంటలో తేలిపోయే సంగతులు ఇవి. ఆ అరగంటలో నేను ఏం చూస్తానో, ఏం లెక్కేస్తానో చెప్తాను. నేను నడిపేదీ ఎలక్ట్రిక్ కారే. టాటా టియాగో, 24 యూనిట్ల బ్యాటరీది. ఆ కార్లంటే నాకు పడక చెప్తున్న మాటలు కావివి.

మనవాళ్లు ముందు ధర అడుగుతారు, తర్వాత రేంజ్, ఆ తర్వాత ఈఎంఐ. చార్జింగ్ సంగతి ఆఖర్న. నేను దీన్ని తిరగేసి మొదలుపెడతాను. రాత్రిపూట కారు ఎక్కడ ఉంటుంది? నెలకి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతుంది? ఈ రెండూ తెలిశాకే షోరూమ్‌కి వెళ్లాలి.

ముందు ప్లగ్ సంగతి

సొంత ఇల్లు, గేటు లోపల కారు పెట్టుకునే చోటు ఉంటే సగం పని అయిపోయినట్టే. పెందుర్తి, కూర్మన్నపాలెం వైపు ఇండిపెండెంట్ ఇళ్లలో పూట తిరక్కుండా పని ముగించి వచ్చేస్తాం. చిక్కంతా అపార్ట్‌మెంట్లలోనే.

సెల్లార్‌లోకి దిగి ముందు మీటర్ల ప్యానెల్ ఎక్కడుందో చూడండి. మన ఊళ్లో చాలా అపార్ట్‌మెంట్లలో అందరి మీటర్లూ కింద ఒకేచోట ఉంటాయి. ఇది మనకి కలిసొచ్చే విషయం. మీ ఫ్లాటు ఐదో అంతస్తులో ఉన్నా, మీ మీటరు నుంచి మీ పార్కింగ్‌కి వైరు కిందకింద నుంచే లాగొచ్చు. ఎన్ని మీటర్ల దూరం వస్తుందో అడుగులేసి కొలుచుకోండి. పైపు వేరేవాళ్ల పార్కింగ్ మీదుగా పోవాలా, పైకప్పు బీమ్ పక్కన పోనివ్వొచ్చా అని చూసుకోండి.

కామన్ మీటరు నుంచి కరెంటు వాడుకుని నెలకింత ఇచ్చేస్తానని అసోసియేషన్‌తో మాట్లాడుకునేవాళ్లు ఉన్నారు. వద్దు. మొదటి నెల బాగానే ఉంటుంది, మూడో నెలకి వాట్సాప్ గ్రూపులో గొడవ మొదలవుతుంది. సొంత మీటరు నుంచి సొంత లైను ఉంటే ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు. అసోసియేషన్‌కి ఒక ఉత్తరం ఇచ్చి, వైరు పోయే దారి గీసి చూపించి, సంతకం చేయించుకోండి. ఎవరైనా అడ్డం చెప్తే కేంద్ర విద్యుత్ శాఖ 2024 సెప్టెంబరులో ఇచ్చిన మార్గదర్శకాలు చూపించొచ్చు. ఇంట్లో ఉన్న కనెక్షన్‌తోనే సొంత బండి చార్జింగ్ చేసుకోవచ్చని అందులో ఉంది. ఎంవీపీ కాలనీలో ఒక అపార్ట్‌మెంట్ మీటింగుకి నన్ను కూర్చోబెట్టారు. "బాబూ, ఇది పేలితే మా కార్ల సంగతేంటి?" అని ఒక పెద్దాయన అడిగారు. "మాస్టారూ, మీ గీజరు ఎంత కరెంటు లాగుతుందో ఇదీ ఇంచుమించు అంతే. వైరు, ఎర్తింగ్ సరిగ్గా ఉంటే ఆ భయం అక్కర్లేదు" అన్నాను. ఆయన తర్వాత ఎర్తింగ్ గురించే పది ప్రశ్నలు వేశారు. అడగాల్సిన ప్రశ్నలే అవి.

ఎందుకంటే ఎర్తింగ్ సరిగ్గా లేకపోతే చాలా ఎలక్ట్రిక్ కార్లు అసలు చార్జింగే తీసుకోవు. ప్లగ్ పెడితే ఎర్ర లైటు వెలుగుతుంది, కారు చెడిపోయిందని షోరూమ్‌కి ఫోన్ చేస్తారు. తీరా చూస్తే ఎర్త్ గుంట ఎండిపోయి ఉంటుంది. మీ ఎలక్ట్రీషియన్‌ని మల్టీమీటరు పెట్టి న్యూట్రల్‌కీ ఎర్త్‌కీ మధ్య వోల్టేజి చూడమనండి. ఒకటి రెండు వోల్టులు దాటకుండా ఉంటే మంచిది. ఎక్కువుంటే ముందు ఎర్తింగ్ పని చేయించాలి.

ఇక సామాను. చిన్న కార్లకి 15 ఆంప్స్ పవర్ ప్లగ్ చాలు, అంటే ఇంట్లో గీజరుకి వాడేదే. టియాగో పెద్ద బ్యాటరీ దీని మీద దాదాపు ఖాళీ నుంచి నిండడానికి 8 నుంచి 9 గంటలు పడుతుంది. రాత్రి పెడితే తెల్లారేసరికి రెడీ. దీనికోసం విడిగా 4 స్క్వేర్ ఎంఎం రాగి వైరు, ఒక ఎంసీబీ (లోడు మించితే లైను ఆపేసే స్విచ్చి), కరెంటు లీకైతే లైను కట్ చేసే 30 మిల్లీ ఆంప్స్ ఆర్‌సీసీబీ పెట్టించుకోండి. ఆర్‌సీసీబీ దగ్గర పిసినారితనం పనికిరాదు. తడి చేత్తో ముట్టుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఇంట్లో ఉన్న ఏదో ఒక సాకెట్ నుంచి ఎక్స్‌టెన్షన్ బాక్సుతో బాల్కనీ మీంచి కిందికి వైరు వదిలినవాళ్లనీ చూశాను. గంటల తరబడి నిండు లోడు లాగితే ఆ బాక్సు కరిగిపోతుంది. పాతిక ముప్పై మీటర్ల దూరానికి వైరు, పైపు, బాక్సు, కూలి అన్నీ కలిపి నేను తీసుకునేది 12 వేల నుంచి 20 వేల మధ్య. కంపెనీ వాళ్లు ఉచితంగా బిగిస్తామంటే, ఎన్ని మీటర్ల వైరు దాకా ఉచితం, ఆపైన మీటరుకి ఎంత అని అడగండి.

ఇక్కడ విశాఖకి ప్రత్యేకమైన ఒక బెడద ఉంది. పెదవాల్తేరు, బీచ్ రోడ్డు, రుషికొండ వైపు ఉప్పుగాలికి సాకెట్‌లోని ఇత్తడి పిన్నులకి చిలుము పడుతుంది. చిలుము పట్టిన చోట కాంటాక్టు సరిగ్గా ఆనదు, వేడెక్కుతుంది, ప్లాస్టిక్ రంగు మారుతుంది. మూత ఉన్న ఇండస్ట్రియల్ సాకెట్ పెట్టించుకుని, ఏడాదికోసారి విప్పి, స్క్రూలు బిగించి, శుభ్రం చేయించండి. సాకెట్‌ని నాలుగైదు అడుగుల ఎత్తున పెట్టించండి. గట్టి వానకి సెల్లార్‌లో నీళ్లు నిలిచే అపార్ట్‌మెంట్లు ఊళ్లో చాలా ఉన్నాయి.

మీ కరెంటు బిల్లు మీద కాంట్రాక్టెడ్ లోడ్ అని ఒక అంకె ఉంటుంది, మీ ఇల్లు ఒకేసారి ఎంత కరెంటు లాగొచ్చో చెప్పేది. అది 2 కిలోవాట్లే ఉండి, ఇంట్లో ఏసీ, గీజరు, ఇప్పుడు కారు కూడా అంటే సరిపోదు. కరెంటు సంస్థ ఈపీడీసీఎల్‌కి అదనపు లోడ్ కోసం దరఖాస్తు చేసి, డబ్బు కట్టేయండి. ఈవీ చార్జింగ్‌కి టారిఫ్‌లో విడి కేటగిరీ కూడా ఉంది. విడి మీటరు తీసుకుంటే మీకు లాభమా కాదా అన్నది సెక్షన్ ఆఫీసులో ఈ ఏడాది రేటు కనుక్కుని చూసుకోండి.

వీధిలో కారు పెట్టుకునేవాళ్లకి, అద్దె ఇంట్లో ఉండి ఓనరు గోడకి మేకు కూడా కొట్టనివ్వనివాళ్లకి నా సలహా ఒకటే. ప్రస్తుతానికి ఎలక్ట్రిక్ కారు జోలికి పోకండి. బయటి ఫాస్ట్ చార్జర్ల మీదే బతకొచ్చు, డబ్బులో కొంత మిగులుతుంది కూడా. కానీ వారానికి రెండుసార్లు చార్జర్ దగ్గర కూర్చునే ఓపిక రెండో నెలకల్లా అయిపోతుంది.

కిలోమీటరు లెక్క, స్లాబు లెక్క

"యూనిట్ ఆరు రూపాయలు, కిలోమీటరుకి రూపాయి కూడా పడదు" అని సేల్స్ కుర్రాళ్లు చెప్పే లెక్క నమ్మకండి. మన రాష్ట్రంలో ఇంటి కరెంటుకి స్లాబులున్నాయి. 126 నుంచి 225 యూనిట్ల దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75, 400 దాటితే 9.75. ఇంట్లో ఫ్యాన్లు, ఫ్రిజ్, ఏసీ ముందే 250 యూనిట్లు వాడేస్తే, కారు వాడేది ఆ పైనున్న యూనిట్లు. కారుకి పడేది మీ బిల్లు సగటు రేటు కాదన్నమాట, పై స్లాబు రేటు. దానికి సర్దుబాటు చార్జీలు కలుస్తాయి. గుండుగుత్తగా యూనిట్‌కి 10 రూపాయలు వేసుకోండి, తర్వాత ఏడవక్కర్లేదు.

ఇంకొక మోసం రేంజ్ దగ్గర. నా కారు మార్కెట్లోకి వచ్చినప్పుడు 24 యూనిట్ల బ్యాటరీకి 315 కిలోమీటర్లన్నారు. అది టెస్టు లెక్క. ఏసీ వేసుకుని మన ఎన్ఏడీ, గాజువాక ట్రాఫిక్‌లో నాకు 190 దాకా వస్తుంది. అంటే బ్యాటరీలోని యూనిట్‌కి 8 కిలోమీటర్లు. చార్జింగ్ అయ్యేటప్పుడు కొంత కరెంటు వేడి రూపంలో పోతుంది కాబట్టి మీటరు మీద తిరిగిన యూనిట్‌కి 7 కిలోమీటర్లే లెక్కేసుకోవాలి. డబ్బు కట్టేది మీటరుకే కదా.

ఇప్పుడు ఇద్దరి లెక్క చూద్దాం. మా బావమరిది మధురవాడలో ఉంటాడు, ఉద్యోగం గాజువాకలో. రానూపోనూ 50 కిలోమీటర్లు, నెలకి 25 రోజులు. మొత్తం 1,250. లీటరుకి 15 ఇచ్చే చిన్న పెట్రోల్ ఆటోమేటిక్ అయితే 83 లీటర్లు. లీటరు 108 చొప్పున 9,000 రూపాయలు. అదే ఎలక్ట్రిక్ అయితే 180 యూనిట్లు, 1,800 రూపాయలు. నెలకి 7,200 మిగులు, ఏడాదికి 86,400.

పైన చెప్పిన ఎంవీపీ కాలనీ మాస్టారికి కూడా ఎలక్ట్రిక్ మీద మనసైంది. ఆయన తిరిగేది రైతుబజారు, గుడి, నెలకోసారి విజయనగరంలో అక్కగారింటికి. నెలకి 300 కిలోమీటర్లు. పెట్రోల్ 2,160, కరెంటు 430. మిగులు 1,730. ఏడాదికి 20,760.

ఒకే సైజు పెట్రోల్ కారుకీ ఎలక్ట్రిక్ కారుకీ ఆన్‌రోడ్ తేడా రెండున్నర లక్షలనుకుందాం. ఆ తేడాని కూడా 9 శాతం వడ్డీతో ఐదేళ్ల లోన్‌లో కడితే అది 3.11 లక్షలవుతుంది. మా బావమరిదికి మూడున్నరేళ్లు దాటగానే ఆ డబ్బు వెనక్కి వచ్చేస్తుంది. మాస్టారికి 15 ఏళ్లు పడుతుంది. ఆయనతో ఆ మాటే చెప్పాను. "అయితే ఉన్న కారే నడుపుతాను లేవయ్యా" అన్నారు.

నాకు వచ్చిన కొండగుర్తు ఇది. ఇంట్లో చార్జింగ్ పెడితే కిలోమీటరుకి 5.75 రూపాయల వరకు మిగులుతుంది. రెండున్నర లక్షల తేడా ఐదేళ్ల లోన్ తీరేలోపు తిరిగి రావాలంటే నెలకి 900 కిలోమీటర్లు తిరగాలి. మీ సంఖ్య 500 లోపుంటే డబ్బు కోసం ఎలక్ట్రిక్ కొంటున్నానని చెప్పుకోకండి. శబ్దం లేదనో, గేర్లు లేవనో, నచ్చిందనో కొనండి, అది వేరే సంగతి. ఇష్టానికి లెక్కలుండవు. 500కీ 900కీ మధ్య ఉన్నవాళ్లు కారు ఎన్నేళ్లు ఉంచుకుంటారన్నదాన్ని బట్టి తేల్చుకోవాలి. ఐదేళ్లకే మార్చే అలవాటుంటే వద్దు. ఎలక్ట్రిక్ కారుని అమ్మబోతే పెట్రోల్ కారుకి వచ్చినంత ధర ఇప్పటికింకా రావట్లేదు.

నెలకి ఎన్ని కిలోమీటర్లో నోటి లెక్కతో చెప్పొద్దు. అందరూ ఎక్కువే చెప్తారు. ఉన్న బండి ఓడోమీటర్ ఫొటో ఈ రోజు ఒకటి, వచ్చే నెల ఇదే తేదీన ఒకటి తీసుకోండి.

సొంత డాబా ఉన్నవాళ్లకి ఇంకో దారి ఉంది. కేంద్రం పీఎం సూర్యఘర్ పథకం కింద 3 కిలోవాట్ల సోలార్‌కి 78,000 రూపాయల సబ్సిడీ ఇస్తున్నారు. కిలోవాట్‌కి రోజుకి 4 యూనిట్లు వేసుకున్నా నెలకి 350 యూనిట్లు వస్తాయి. సోలార్ యూనిట్లని బిల్లులో తగ్గించే నెట్ మీటరింగ్‌తో ముందు కొట్టుకుపోయేవి ఆ ఖరీదైన పై స్లాబు యూనిట్లే. పెందుర్తిలో ఒక టీచరమ్మ ముందు సోలార్ పెట్టించి, రెండు నెలల బిల్లులు చూసి, అప్పుడు కారు బుక్ చేశారు. ఇంత పద్ధతిగా కొన్నవాళ్లని నేను వేరే చూడలేదు.

షోరూమ్ కాగితం చదవడం

నోటి మాటగా కాక, ఆన్‌రోడ్ ధర విడివిడి లైన్లతో రాసిన కొటేషన్ తీసుకోండి. ఎలక్ట్రిక్ కార్ల మీద జీఎస్టీ 5 శాతమే. అది ధరలో కలిసే ఉంటుంది, విడిగా ఇచ్చే రాయితీలా చూపిస్తే నవ్వి ఊరుకోండి. వ్యక్తులు కొనే కార్లకి ఇప్పుడు కేంద్రం సబ్సిడీ లేదు. పీఎం ఈ-డ్రైవ్ పథకంలో సొంత కార్లు లేవు. లోన్ వడ్డీ మీద లక్షన్నర దాకా ఆదాయపు పన్ను మినహాయింపు ఇచ్చిన 80ఈఈబీ సెక్షను 2023 మార్చి 31 లోపు మంజూరైన లోన్లకే. ఇప్పటికీ ఆ పేరు చెప్పి ఈఎంఐ తక్కువచేసి చూపించేవాళ్లున్నారు.

లైఫ్ ట్యాక్స్ లైను దగ్గర ఆగండి. పెట్రోల్ కారు మీద ఇది పెద్ద మొత్తం. ఎలక్ట్రిక్‌కి రాష్ట్రం ఇచ్చే మినహాయింపులు ఎప్పటికప్పుడు జీవోలతో మారుతుంటాయి. షోరూమ్‌లో చెప్పిందాన్ని రవాణా శాఖ ఆఫీసులో ఒకసారి సరిచూసుకోండి. రెండు కార్ల మధ్య అసలు తేడా తేలేది ఇక్కడే. కారు ధర 10 లక్షలు దాటితే 1 శాతం టీసీఎస్ అని ఉంటుంది, అంటే అమ్మేవాళ్లు ముందే వసూలు చేసే ఆదాయపు పన్ను. అది ఖర్చు కాదు, రిటర్ను వేసినప్పుడు తిరిగి తెచ్చుకోవచ్చు. హ్యాండ్లింగ్ చార్జీలని రాసుంటే కొట్టేయమనండి.

ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరే తీసుకోవాలన్న రూలేమీ లేదు. థర్డ్ పార్టీ ప్రీమియం ఎలక్ట్రిక్‌కి కొంచెం తక్కువ. 30 నుంచి 65 కిలోవాట్ల మోటారుకి ఏడాదికి 2,904, అదే 1000 నుంచి 1500 సీసీ పెట్రోల్ కారుకి 3,416. ఐదొందలు మిగిలాయని సంబరపడేలోపు మన కారు నష్టానికి కట్టే ఓన్ డ్యామేజి ప్రీమియం దాన్ని తినేస్తుంది, కారు విలువ ఎక్కువ కాబట్టి. జీరో డిప్రిసియేషన్‌తో (క్లెయిములో భాగాల అరుగుదల కోయని కవరు) పాటు బ్యాటరీకి నీళ్ల వల్ల నష్టం వస్తే వర్తించే యాడ్-ఆన్ తప్పకుండా అడగండి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను చూసిన ఊరికి ఇది కొత్తగా చెప్పాలా.

లోన్ విషయంలో ఏడేళ్లని చెప్పి ఈఎంఐ చిన్నదిగా చూపిస్తారు. 9 శాతం వడ్డీకి లక్షకి ఐదేళ్లయితే నెలకి 2,076, ఏడేళ్లయితే 1,609. చూడ్డానికి బాగుంటుంది. కానీ లక్షకి కట్టే మొత్తం వడ్డీ మొదటిదానికి 24,500, రెండోదానికి 35,000. ఏడు లక్షల లోన్ మీద ఈ తేడాతో ఒక మంచి స్కూటర్ దాదాపు వచ్చేస్తుంది. ఎస్‌బీఐ లాంటి బ్యాంకులు ఎలక్ట్రిక్ కార్లకి గ్రీన్ లోన్ పేరుతో వడ్డీ కాస్త తగ్గిస్తాయి, అడిగితేనే చెప్తారు.

బ్యాటరీ అద్దెకి తీసుకుంటే

2024 సెప్టెంబరులో ఎంజీ విండ్సర్‌తో ఈ పద్ధతి మన దగ్గర మొదలైంది. కారు 9.99 లక్షలు, బ్యాటరీకి కిలోమీటరుకి మూడున్నర రూపాయలు. బ్యాటరీతో కలిపి కొంటే అదే కారు అప్పుడు 13.5 లక్షలు. తేడా మూడున్నర లక్షలు కదా, దాన్ని మూడున్నర రూపాయలతో భాగించండి. లక్ష కిలోమీటర్లు. వడ్డీ సంగతి పక్కన పెడితే, లక్ష దాటాక మీరు కట్టే అద్దె అంతా బ్యాటరీ ధర కంటే ఎక్కువ కట్టినట్టే. ఇప్పటి రేట్లు వేరుగా ఉంటాయి, భాగహారం మాత్రం ఇదే.

మా బావమరిదిలా 1,250 తిరిగేవాళ్లకి బ్యాటరీ అద్దె నెలకి 4,375, దానిపైన కరెంటు. పెట్రోల్ మీద మిగిలేదాంట్లో సగానికి పైగా ఇటే పోతుంది. పోనీ తక్కువ తిరిగేవాళ్లకి బాగుంటుందా అంటే, నెలకి కనీసం ఇన్ని కిలోమీటర్ల అద్దె కట్టి తీరాలన్న షరతు ఉంటుంది చూడండి. ఆ కాగితం చదవకుండా సంతకం పెట్టకండి. కారు లోన్ ఒకచోట, బ్యాటరీది ఇంకోచోట ఉంటే రెండు కంతులు అవుతాయి, అమ్మేటప్పుడు రెండుచోట్లా క్లియరెన్స్ తెచ్చుకోవాలి.

హైబ్రిడ్ ఎవరికి?

"ప్లగ్ గొడవ లేదు కదా, హైబ్రిడ్ తీసుకుంటాను" అనేవాళ్లు ఎక్కువయ్యారు. పెట్రోల్ ఇంజిన్‌తో పాటు చిన్న బ్యాటరీ, మోటారు ఉన్న కారన్నమాట. ముందుగా ఒక ప్రశ్న అడగండి: ఇంజిన్ ఆగిపోయి ఉండగా బ్యాటరీ మీదే కారు కదులుతుందా? కదిలితే స్ట్రాంగ్ హైబ్రిడ్, కదలదంటే అది మైల్డ్ హైబ్రిడ్. వెనక స్మార్ట్ హైబ్రిడ్ అని బ్యాడ్జి ఉన్న కార్లు ఈ మైల్డ్ రకమే. ఇంజిన్‌కి చిన్న సాయం తప్ప పెట్రోల్ పెద్దగా మిగలదు. టయోటా హైరైడర్, మారుతీ గ్రాండ్ విటారా, హోండా సిటీల్లో స్ట్రాంగ్ హైబ్రిడ్ వేరియంట్లున్నాయి. అవి నిజంగా మిగులుస్తాయి. హైరైడర్‌కి కంపెనీ చెప్పే మైలేజి 27.97. ఊళ్లో 21 వేసుకోండి.

అదే సైజు పెట్రోల్ ఆటోమేటిక్ 14 ఇస్తుందనుకుంటే, 1,250 కిలోమీటర్లకి దాదాపు 30 లీటర్ల తేడా. నెలకి 3,200. ధరలో తేడా రెండున్నర లక్షలుంటే వడ్డీ లేకుండానే ఆరున్నరేళ్లు. హైబ్రిడ్ ధరలో పన్ను భాగం కూడా ఎక్కువే. 2025 సెప్టెంబరు 22 నుంచి ఈ సైజు హైబ్రిడ్ల మీద జీఎస్టీ 40 శాతం. ఎలక్ట్రిక్ మీద 5.

హైబ్రిడ్ అంటే హైవే కారని చాలామంది అనుకుంటారు. లెక్క వేరేలా ఉంది. సిగ్నళ్ల దగ్గర ఆగుతూ, బ్రేకు వేసినప్పుడల్లా కొంత కరెంటు వెనక్కి తెచ్చుకుంటూ పోయే సిటీ ట్రాఫిక్‌లోనే ఇది ఎక్కువ మిగులుస్తుంది. అనకాపల్లి దాటి ఒకే వేగంతో తుని దాకా పోతే మామూలు పెట్రోల్ కారు కూడా 17 ఇస్తుంది, తేడా సన్నగిల్లుతుంది. అందుకని ఇంట్లో ప్లగ్ కుదరనివాళ్లు, ఊళ్లోనే రోజూ ఎక్కువ తిరిగేవాళ్లు, 15 లక్షల పైన పెట్టగలిగినవాళ్లు ముగ్గురూ ఒకే మనిషైతే హైబ్రిడ్ బాగుంటుంది. అలాంటి మనుషులు నాకు అరుదుగా తగిలారు.

ఊరు దాటినప్పుడు

విజయనగరం వెళ్లిరావడానికి ఏ ఎలక్ట్రిక్ కారుతోనూ టెన్షన్ అక్కర్లేదు. అన్నవరం, శ్రీకాకుళం చిన్న బ్యాటరీతో అయితే వెళ్లినచోట గానీ దారిలో గానీ కాసేపు చార్జింగ్ పెట్టుకునేలా ప్లాన్ చేసుకోవాలి. హైవే చార్జర్ల దగ్గర యూనిట్ 20 రూపాయల చుట్టుపక్కల పడుతుంది, ఇంటికంటే రెట్టింపు. అయినా పెట్రోల్ కంటే తక్కువే. ఎంజీ కామెట్‌కి డీసీ ఫాస్ట్ చార్జింగ్ లేదు. అది ఊరి కారు, అలా అనుకుని కొంటే బాగుంటుంది.

అరకు ఘాట్ గురించి అందరూ అడుగుతారు. చిన్న కారుని నలుగురితో అంత ఎత్తుకి ఎక్కించడానికి 4 నుంచి 5 యూనిట్లు అదనంగా పడుతుంది. దిగేటప్పుడు కొంత వెనక్కి వస్తుంది. కొండ కింద ఎస్.కోట దగ్గర బ్యాటరీ ఎంత మిగిలిందో చూసి, కొండెక్కే 5 యూనిట్లు విడిగా తీసిపెట్టి, మిగిలినదాంతో లెక్కేసుకోండి. పైన రాత్రి ఉండేచోట 15 ఆంప్స్ ప్లగ్ ఇస్తారా అని గది బుక్ చేసేటప్పుడే అడగండి.

సెకండ్ హ్యాండ్‌లో

తక్కువ డబ్బుతో ఎలక్ట్రిక్ కారు కావాలంటే నాకు నచ్చే దారి ఇదే. రీసేల్ పడిపోతుందని మొదటి ఓనరు బాధపడేది మనకి లాభం. రెండు మూడేళ్ల టియాగో, నెక్సాన్ లాంటివి చూడండి. చాలా కార్లకి బ్యాటరీ వారంటీ 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు. అది రెండో ఓనరుకి బదిలీ అవుతుందా, ఏ షరతుల మీద అన్నది రాతపూర్వకంగా తెలుసుకోండి. కొన్ని కొత్త మోడళ్లకి లైఫ్‌టైమ్ వారంటీ అని ప్రకటనలిస్తారు, అది మొదటి ఓనరుకే పరిమితం.

ట్రావెల్స్‌లో తిరిగిన బండి అయితే వదిలేయండి. రోజూ ఫాస్ట్ చార్జర్ మీదే నడిచిన బ్యాటరీ త్వరగా అరుగుతుంది. అధీకృత సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీ హెల్త్ రిపోర్టు తీయించండి. అమ్మేవాళ్లు వద్దంటే అక్కడితో ఆపేయండి. రిపోర్టు వచ్చాక కూడా మీరు ఒక పరీక్ష చేయొచ్చు. నూరు శాతం చార్జింగ్ పెట్టించి, ఏసీ వేసి, మధురవాడ నుంచి భీమిలి వెళ్లి బీచ్ రోడ్డు మీదుగా సిటీలోకి వచ్చి, తిరిగిన కిలోమీటర్లని తగ్గిన శాతంతో పోల్చండి. 50 కిలోమీటర్లకి 25, 28 శాతం తగ్గితే నా కారు లాంటిదే. 40 తగ్గితే మర్యాదగా తాళాలు ఇచ్చి వచ్చేయండి.

టైర్లు చూడండి, ఈ కార్లు బరువెక్కువ కాబట్టి త్వరగా అరుగుతాయి. కింద బ్యాటరీ కేసింగ్‌కి సొట్టలున్నాయేమో లిఫ్ట్ మీద ఎక్కించి చూడండి, స్పీడ్ బ్రేకర్లకి తగిలిన గుర్తులు అక్కడే దొరుకుతాయి. డిక్కీలో పోర్టబుల్ చార్జర్ కేబుల్ ఉందో లేదో మర్చిపోకుండా అడగండి. కొత్తది కొనాలంటే వేలల్లో ఉంటుంది. కేబుల్ లేదంటే ఆ మొత్తం ధరలో తగ్గించాకే అడ్వాన్సు ఇవ్వండి.